బర్గ్ స్ట్రిప్, రిలిమేట్, ఎక్స్‌హెచ్, పీబీటీ: చిన్న ప్రాజెక్టుకు ఏ కనెక్టర్ మేలు?

మా డాబా మీది నీళ్ల ట్యాంకుకు నేను కట్టిన నీటిమట్టం సూచిక మొదటి వానాకాలం దాటలేదు. సెన్సరు బాగానే ఉంది, బోర్డు బాగానే ఉంది, ప్రోగ్రాములోనూ తప్పు లేదు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక తేలిందేమిటంటే, బల్ల మీద పరీక్షించేటప్పుడు వాడిన జంపర్ వైర్లనే (సోల్డర్ లేకుండా పిన్నులకు గుచ్చే చిన్న వైర్లు) ఉన్నవి ఉన్నట్టుగా డబ్బాలోకి దింపేశాను. వాటిలో ఒకటి చూడటానికి పిన్నును గట్టిగానే పట్టుకున్నట్టుంది. వేలితో తాకితే రీడింగ్ వచ్చేది, వేలు తీస్తే పోయేది. రెండు మూడు రూపాయల వైరు కోసం డాబా మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు.

అప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు కనెక్టర్ల సంగతి తేల్చుకుని, తర్వాతే మిగతా సామాను కొంటున్నాను. ఇక్కడ చెప్పేదంతా 3.3 వోల్టుల నుంచి 24 వోల్టుల దాకా నడిచే ఇంటి ప్రాజెక్టుల గురించే. 230 వోల్టుల కరెంటు ప్రస్తావన ఒక్కచోట తప్పనిసరిగా వస్తుంది, అక్కడ విడిగా హెచ్చరిస్తాను.

దుకాణంలో ఏ పేరుతో అడగాలి

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకో, చెన్నై రిచీ వీధికో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్లి ఇంగ్లీషు వీడియోలలో విన్న పేర్లు చెబితే దుకాణదారు ఒక క్షణం ఆలోచిస్తాడు. మన దగ్గర పిన్ హెడర్‌ను, అంటే బోర్డు మీద వరుసగా నిలబడే పిన్నుల పట్టీని, బర్గ్ స్ట్రిప్ అంటారు. ఒకప్పటి బెర్గ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ పేరు అలా స్థిరపడిపోయింది. వైర్లను మరలతో బిగించే ఆకుపచ్చ లేదా నీలం దిమ్మెను పీబీటీ అంటారు. పీబీటీ నిజానికి ఒక ప్లాస్టిక్ పేరు. తెల్లటి హౌసింగ్‌తో (పిన్నులను పట్టి ఉంచే ప్లాస్టిక్ గూడు), వెనక చిన్న గోడతో, 2.54 మి.మీ. దూరంలో పిన్నులుండేది రిలిమేట్. చదునైన రిబ్బన్ కేబుల్‌కు వాడేది ఎఫ్‌ఆర్‌సీ.

జేఎస్‌టీ విషయంలో మాత్రం పేరుతో పని జరగదు. అది ఒక జపాన్ కంపెనీ. ‘ఒక జేఎస్‌టీ ఇవ్వండి’ అనడం, దుకాణానికి వెళ్లి ‘ఒక టాటా ఇవ్వండి’ అనడం లాంటిది. ఉప్పా, లారీయా అన్నది ఎదుటివాడు ఊహించుకోవాలి. ఎక్స్‌హెచ్, పీహెచ్, ఎస్‌హెచ్ అని వరుస పేరు చెప్పి, పిన్నుల మధ్య దూరమూ చెప్పాలి. పేరు గుర్తులేకపోతే పాత ముక్కను జేబులో వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా సులువు.

కొనే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ఆ పిన్ను గుండా ఎంత కరెంటు పోతుంది? మామూలు సెన్సర్లకు కొన్ని మిల్లీ ఆంపియర్లు చాలు. కానీ వైఫై బోర్డులు వందల మిల్లీ ఆంపియర్లు లాగుతాయి, మోటార్లు, ఎల్‌ఈడీ పట్టీలు ఆంపియర్లలోకి వెళతాయి. కనెక్టర్లో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. సరిగ్గా కూర్చున్న అతుకు నిరోధం ఓమ్‌లో నూరో వంతు అనుకుంటే, 3 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 0.09 వాట్లు. అదే అతుకు వదులై నిరోధం ఓమ్‌లో పదో వంతుకు చేరితే 0.9 వాట్లు. బియ్యపు గింజంత లోహంలో దాదాపు ఒక వాటు వేడి పుడితే తెల్ల ప్లాస్టిక్ పసుపుగా, తర్వాత గోధుమ రంగుగా మారడం కంటికే కనిపిస్తుంది.

రెండోది, ఎన్నిసార్లు తీసి పెడతారు? తగరపు పూత ఉన్న చిన్న కనెక్టర్లు కొన్ని పదుల సార్లకు మించి తీసి పెట్టడానికి తయారైనవి కావు. యూఎస్‌బీ టైప్-సీని 10,000 సార్లకు రూపొందించారు. రోజూ విప్పే చోట ఒకటి, ఏడాదికోసారి విప్పే చోట మరొకటి పెట్టాలి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: తిరగేసి పెడితే ఏమవుతుంది? రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో, దీపం సరిగా పడని మూలలో పెట్టేది మీరే. అప్పుడు తప్పు పెట్టనివ్వని కనెక్టర్ కావాలి.

ఇక కుదుపు, తేమ, చేతిలో ఉన్న పనిముట్టు. క్రింపింగ్ టూల్ (వైరు చివర లోహపు టెర్మినల్‌ను నొక్కి బిగించే పటకారు) లేనివారికి ఎక్స్‌హెచ్ గొప్పదని చెప్పి లాభం లేదు.

| రకం | పిన్నుల దూరం | ఒక్కో పిన్నుకు కరెంటు | తిరగబడే ప్రమాదం | కుదుపుకు | కావలసిన పనిముట్టు |
|---|---|---|---|---|---|
| జంపర్ వైరు, బర్గ్ స్ట్రిప్ | 2.54 మి.మీ. | 1 ఆంపియర్ లోపే ఉంచండి | చాలా ఎక్కువ | ఊడుతుంది | ఏదీ అక్కర్లేదు |
| రిలిమేట్ | 2.54 మి.మీ. | 2–3 ఆంపియర్లు | తక్కువ | ఆగుతుంది | వైరుతో సహా దొరుకుతుంది |
| ఎక్స్‌హెచ్ | 2.5 మి.మీ. | 3 ఆంపియర్లు (22 గేజ్ వైరుతో) | తక్కువ | ఆగుతుంది | క్రింపింగ్ టూల్ |
| పీహెచ్ | 2 మి.మీ. | 2 ఆంపియర్లు (24 గేజ్ వైరుతో) | కనెక్టర్‌లో తక్కువ, వైర్లలో ఎక్కువ | ఆగుతుంది | సన్నటి క్రింపింగ్ టూల్ |
| ఎస్‌హెచ్ | 1 మి.మీ. | 1 ఆంపియర్ | తక్కువ | పర్వాలేదు | తయారు కేబుల్ కొనడమే |
| పీబీటీ | 5 లేదా 5.08 మి.మీ. | 10 ఆంపియర్ల దాకా | ఎక్కువ | మర బిగువును బట్టి | స్క్రూడ్రైవర్ |
| డీసీ జాక్ | – | 2–5 ఆంపియర్లు | అడాప్టరును బట్టి | మోస్తరు | ఏదీ అక్కర్లేదు |
| ఎక్స్‌టీ60 | – | నిరంతరంగా 30 ఆంపియర్లు | దాదాపు లేదు | గట్టిగా ఆగుతుంది | పెద్ద సోల్డరింగ్ ఐరన్ |

గేజ్ అంటే వైరు మందం, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. ఈ అంకెలు అసలు కంపెనీ సరుకువి. పేరు లేని నకలుకు వాటిలో సగమే నమ్మండి.

జంపర్ వైర్లు: బల్ల మీదికి రాజు, డబ్బాలోకి శత్రువు

వీటి మీద నాకు కోపం ఉన్నా, ఇవి లేకుండా పని మొదలుకాదు. అయిదు నిమిషాల్లో సెన్సరు కలిపి చూడవచ్చు, తప్పయితే పీకి మరోచోట పెట్టవచ్చు. వీటికి లాక్ లేదు, దిశ లేదు; బల్ల మీద అదే సౌకర్యం, డబ్బాలో అదే ముప్పు.

కొన్న కట్టలో ఒక వైరు తొడుగు వొలిచి అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఉన్నది రాగి కాదు, ఉక్కు. నిజమైన 28 గేజ్ రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓమ్. 20 సెంటీమీటర్ల వైర్లు రెండు, పోనూ రానూ కలిపితే 0.085 ఓమ్. అర ఆంపియర్ పోతే 40 మిల్లీవోల్టుల తరుగు. దానితో ప్రమాదం లేదు. ఉక్కు పోగులకు ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది, దానికి వదులు పిన్ను తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. వైఫై సంకేతం పంపే క్షణంలో ఈఎస్‌పీ32 బోర్డు కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. సరిగ్గా అప్పుడే వోల్టేజీ కుంగి బోర్డు రీసెట్ అవుతుంది. చాలామంది ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ తెల్లవార్లూ కూర్చునేది ఇందుకే. మల్టీమీటరు మొనలను అడాప్టరు దగ్గర కాకుండా బోర్డు పిన్నుల దగ్గరే ఆనించి చూస్తే విషయం తెలుస్తుంది. మీటరు చూపేది సగటే గనుక క్షణకాలపు కుంగు అందులో పూర్తిగా కనబడకపోవచ్చు. రెండు చోట్లా కొలిచినప్పుడు తేడా ఉంటే చాలు, వైర్లు మార్చాలని అర్థం.

ఎలాగైనా వీటితోనే గడపాలంటే ఒక ఉపాయం ఉంది. ఫీమేల్ వైరు చివర నల్లటి ఒంటి హౌసింగ్ ఉంటుంది. దాని పక్కన సన్నని ప్లాస్టిక్ నాలుకను సూదితో పైకి లేపి, వైరును మెల్లగా వెనక్కి లాగితే లోహపు టెర్మినల్ బయటికి వస్తుంది. అలాంటివి నాలుగు తీసి నాలుగు పిన్నుల హౌసింగ్‌లో దూర్చితే నాలుగూ కలిసి ఒకే కనెక్టర్ అవుతాయి. ఒకటే ఊడే బాధ తప్పుతుంది, వరుస తారుమారయ్యే బాధా తప్పుతుంది. తిరగబడే ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి, ఒక చివర గోళ్ల రంగుతో చుక్క పెట్టుకోండి, బోర్డు మీదా అదే రంగు చుక్క పెట్టండి.

రిలిమేటా, ఎక్స్‌హెచ్చా

చూపుకు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. అసలు ఎంపిక ఇక్కడే.

రిలిమేట్ బలం ఏమిటంటే, ఒక చివర వైర్లు ముందే బిగించి, రంగురంగుల వైర్లతో సహా అమ్ముతారు. క్రింపింగ్ టూల్ కొననక్కర్లేదు. పిన్నుల దూరం 2.54 మి.మీ. కాబట్టి జీరో పీసీబీ (వరుసగా రంధ్రాలున్న ఖాళీ బోర్డు) రంధ్రాల్లో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. ఏడాదికి రెండు మూడు ప్రాజెక్టులు చేసేవారికి ఇంతకన్నా అవసరం లేదు.

ఎక్స్‌హెచ్ ఇంకా చిన్నది, పొందికైనది. హౌసింగ్ చుట్టూ గోడ ఉంటుంది కాబట్టి పక్కకు వంగదు. దిశ తప్పితే లోపలికి వెళ్లదు. కాకపోతే దూరం 2.5 మి.మీ., 2.54 కాదు. రెండు మూడు పిన్నులకు ఆ తేడా తెలియదు. ఎనిమిది పిన్నుల కనెక్టర్‌లో ఏడు సందులకు కలిపి 0.28 మి.మీ. తేడా వస్తుంది, జీరో పీసీబీలో చివరి పిన్ను మొండికేస్తుంది. నాలుగు పిన్నుల లోపు అయితే ఎక్స్‌హెచ్‌ను కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

క్రింపింగ్ అంటే భయపడేవారి కోసం కాస్త దగ్గరగా చూపిస్తాను. టెర్మినల్‌కు వెనక రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి పోగులను పట్టుకోవాలి, వెనక జత తొడుగును పట్టుకోవాలి. వైరు తొడుగు 2 మి.మీ. మాత్రమే వొలవండి, అంతకన్నా ఎక్కువ వొలిస్తే వెనక రెక్కలు కూడా రాగి మీదే పడతాయి, నాలుగు సార్లు వంగేసరికి పోగులు తెగుతాయి. టెర్మినల్‌ను టూల్ దవడల్లో సగం నొక్కి నిలబెట్టి, వైరును లోపలికి జరిపి, క్లిక్ అనే దాకా పూర్తిగా నొక్కండి. తర్వాత లాగి చూడండి, మొహమాటం లేకుండా. ఊడితే ఇప్పుడే ఊడాలి. మొదటి పది టెర్మినళ్లు పాడవుతాయి. వందల లెక్కన దొరికే వస్తువే గనుక బాధ లేదు. ముక్కు పటకారుతో నొక్కి పైన సోల్డర్ పోసే అలవాటు చాలామందికి ఉంది. అది చేసినచోట వైరు బిరుసెక్కి, సరిగ్గా సోల్డర్ ఆగిన గీత దగ్గరే విరుగుతుంది.

నెలకో ప్రాజెక్టు చేసే అలవాటుంటే టూల్ కొని ఎక్స్‌హెచ్‌కు మారండి. లేకపోతే రిలిమేట్‌తో హాయిగా ఉండండి. రెండూ ఒకే డబ్బాలో కలపవద్దు. ఎక్స్‌హెచ్ హౌసింగ్ మామూలు బర్గ్ పిన్నుల మీదికి రెండు దిక్కులా ఎక్కుతుంది, అప్పుడు దిశ రక్షణ అంతా గాలికి పోయినట్టే.

పీహెచ్: బ్యాటరీ దగ్గర ఆగి చూడండి

చిన్న లిథియం బ్యాటరీలకు సాధారణంగా వచ్చేది రెండు పిన్నుల పీహెచ్. కనెక్టర్‌లో లోపం లేదు. కానీ రెండు పిన్నుల్లో ఏది ప్లస్ అన్నదానికి అందరూ పాటించే నియమం లేదు. ఒక తయారీదారు ఎరుపును ఎడమ పెడతాడు, మరొకడు కుడి పెడతాడు. కనెక్టర్ మాత్రం ఎంతో మర్యాదగా, సరిగ్గా, క్లిక్ అంటూ కూర్చుంటుంది.

నా చార్జింగ్ బోర్డు అలాగే పోయింది. ఆన్‌లైన్లో కొన్న బ్యాటరీ, వేరే చోట కొన్న బోర్డు. పెట్టిన రెండో క్షణానికి ఘాటైన వాసన, చిన్న చిప్పు మీద ఆవగింజంత బుడిపె. ఎర్ర వైరు, నల్ల వైరు రంగులు సరిగానే ఉన్నాయి. బోర్డు మీది ప్లస్ గుర్తు ఏ వైపు ఉందో మాత్రం నేను చూడలేదు. ఇప్పుడు కొత్త బ్యాటరీ వస్తే ముందు మల్టీమీటరు, తర్వాతే కనెక్టర్. తేడా ఉంటే హౌసింగ్ నుంచి టెర్మినళ్లను సూదితో ఒక్కొక్కటిగా తీసి స్థానాలు మార్చడం అయిదు నిమిషాల పని. రెండూ ఒకేసారి బయటికి తీయవద్దు. లోహం లోహానికి తగిలితే బ్యాటరీ షార్ట్ అవుతుంది.

ఎస్‌హెచ్: తీగలు కలపడమే ఇష్టం లేనివారికి

స్పార్క్‌ఫన్ వారి క్విక్, ఆడాఫ్రూట్ వారి స్టెమ్మా క్యూటీ బోర్డులపై ఉండేది నాలుగు పిన్నుల ఎస్‌హెచ్. నలుపు గ్రౌండ్, ఎరుపు 3.3 వోల్టులు, నీలం డేటా, పసుపు క్లాక్. ఒక సెన్సరు నుంచి మరో సెన్సరుకు గొలుసులా కలుపుకుంటూ పోవచ్చు, సోల్డరింగ్ అవసరం రాదు. పిల్లలకు నేర్పేటప్పుడు దీన్ని మించింది లేదు. బోర్డు ధర కాస్త ఎక్కువ, కేబుల్ పొడవు తక్కువ. గది ఒక మూల నుంచి ఇంకో మూలకు లాగుదామంటే ఆ బోర్డులు మాట్లాడుకునే ఐ2సీ సంకేతమే సహకరించదు.

పీబీటీ

సాదాసీదా, నమ్మకమైన వస్తువు. పనిముట్టు ఒక్క స్క్రూడ్రైవర్. ఏ వైరైనా, ఏ మందమైనా దాదాపు పడుతుంది. పవర్ లోపలికి తెచ్చే చోట, మోటారుకు పంపే చోట నేను ఇదే వాడతాను.

దీనితో ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు, నేనూ ఏళ్ల తరబడి చేశాను. పోగుల వైరు చివర పోగులు చెదరకుండా సోల్డర్ పూసి, ఆ తర్వాత మర బిగిస్తారు. చూడటానికి చక్కగా ఉంటుంది. సోల్డర్ మెత్తటి లోహం. నిరంతర ఒత్తిడి కింద మెల్లమెల్లగా పక్కకు జరుగుతుంది. కొన్ని నెలలకు మర వదులవుతుంది, అతుకు వేడెక్కుతుంది. పోగులను మెలిపెట్టి నేరుగా బిగించండి, లేదా పిన్ లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) తొడిగి బిగించండి. బిగించాక బయట ఒక్క పోగు కూడా మిగలలేదని చూడండి. పక్క రంధ్రానికి తగిలిన ఒంటరి పోగు చేసే అల్లరి కనిపెట్టడం కష్టం.

రిలే (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ద్వారా మోటారో దీపమో నడిపేటప్పుడు 230 వోల్టులు చేరేది ఇలాంటి దిమ్మెలోకే. ఆ దిమ్మెను, సెన్సర్ల దిమ్మెను ఒకే వరుసలో పక్కపక్కన పెట్టకండి. మధ్యలో ఖాళీ, పైన మూత, ముందు ఫ్యూజు ఉండాలి. వోల్టేజీ రేటింగ్ ముద్రించి ఉన్నదే కొనండి. నీళ్ల మోటారు విషయంలో రిలేతో నేరుగా కాకుండా కాంటాక్టరు (పెద్ద మోటార్లను నడిపే బలమైన రిలే) ద్వారా నడిపించి, ఆ భాగం ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడమే నేను చేసిన పని.

డీసీ జాక్, యూఎస్‌బీ-సీ, ఎక్స్‌టీ60

డీసీ జాక్ బయటి వ్యాసం 5.5 మి.మీ. అయినా, లోపలి పిన్ను 2.1, 2.5 మి.మీ. అని రెండు రకాలు. 2.5 ప్లగ్గు 2.1 జాక్‌లోకి వెళుతుంది, కానీ వదులుగా ఉండి, కదిపినప్పుడల్లా బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆర్డుయినో ఊనోకు 2.1, మధ్య పిన్ను ప్లస్. అసలు ప్రమాదం వేరే ఉంది: ఇంట్లో రౌటరు 12 వోల్టుల అడాప్టరు, 5 వోల్టుల అడాప్టరు చివరలు ఒకేలా ఉండవచ్చు. జాక్ పక్కన వోల్టేజీ రాసిన కాగితం అంటించండి.

ఇంట్లో అందరూ తీసి పెట్టే వస్తువుకు యూఎస్‌బీ-సీ మంచిది. చవక బోర్డుల్లో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు లేకపోతే, రెండు చివరలా సీ ఉన్న కేబుల్‌తో కరెంటు రాదు. అలాంటప్పుడు పాత టైప్-ఏ నుంచి టైప్-సీ కేబుల్‌తో నడుస్తుంది.

ఎక్స్‌టీ60 డ్రోన్లకు, పెద్ద రోబోలకు. బ్యాటరీ వైపు ఎప్పుడూ లోహం లోపలికి దాగిన భాగమే ఉండాలి. మందపాటి వైరుకు 25 వాట్ల ఐరన్ చాలదు. చిన్న రోబోకు తమ్ముడు ఎక్స్‌టీ30 సరిపోతుంది.

మీరు ఎవరు?

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుతో వైవాకు వెళ్లే విద్యార్థి అయితే: ఆటోలో కాలేజీకి వెళ్లేలోగా బ్రెడ్‌బోర్డు మీది ఏ వైరు ఊడుతుందో చెప్పలేం. వారం ముందే జీరో పీసీబీ మీదికి మార్చి, సెన్సర్లకు వైరుతో వచ్చే రిలిమేట్, పవర్‌కు పీబీటీ పెట్టండి. వారం లేదు, ఒక్క రాత్రే ఉందా? జంపర్లను నాలుగేసి పిన్నుల హౌసింగుల్లో చేర్చి, మొదళ్లలో హాట్ గ్లూ చుక్క వేయండి. అందంగా ఉండదు, కానీ పరీక్షకుల ముందు పనిచేస్తుంది.

కదిలే రోబో చేసేవారు మోటార్లకు పీబీటీ వద్దు, అదురుకు మరలు వదులవుతాయి. ఎక్స్‌హెచ్ వాడండి, 3 ఆంపియర్లు దాటితే ఎక్స్‌టీ30. సర్వో మోటార్ల మూడు పిన్నుల కనెక్టర్‌ను అలాగే ఉంచండి. గోధుమ రంగు గ్రౌండ్ అని గుర్తుంటే చాలు. పవర్ మాత్రం మైక్రోకంట్రోలర్ 5 వోల్టుల పిన్ను నుంచి తీసుకోకండి.

ఏళ్ల తరబడి ఒకచోట ఉండే పరికరానికి, ఎన్నడూ విప్పనక్కర్లేని అతుకుకు కనెక్టరే వద్దు. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగేయండి. ప్రతి వైరుకూ రెండు చివరలా కనెక్టర్లు పెట్టడం కొత్తలో అందరికీ ఉండే మోజు. సెన్సరు చెడిపోతే మార్చాలి కాబట్టి అక్కడ ఒకటి, పవర్ దగ్గర ఒకటి, మిగతావి సోల్డర్.

మా డాబా మీది డబ్బాలో ఇప్పుడున్నవి మూడే: సెన్సరుకు నాలుగు పిన్నుల ఎక్స్‌హెచ్, 12 వోల్టులు వచ్చే చోట పీబీటీ, రిలే సంకేతానికి రెండు పిన్నుల ఎక్స్‌హెచ్. నాలుగు పిన్నులది రెండు పిన్నుల చోట పట్టదు కాబట్టి తారుమారు చేద్దామన్నా కుదరదు. వైర్లన్నీ డబ్బా అడుగు నుంచే లోపలికి వెళతాయి. వెళ్లే ముందు అరచేయంత కిందికి వేలాడి పైకి తిరుగుతాయి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పోయిన వానాకాలంలో దాని కోసం మెట్లెక్కింది ఒక్కసారే, అదీ డబ్బాలో కాపురం పెట్టిన చీమలను దులపడానికి.